గాయం మానినా చల్లారని ఒళ్లు: తీవ్రంగా కాలిన పిల్లలకు పోషణ ఎందుకంత కీలకం

తీవ్రంగా కాలిన గాయాలతో వారాల తరబడి ఆసుపత్రిలో ఉండి ఇంటికి చేరిన పిల్లల విషయంలో పెద్దవాళ్లను కలవరపెట్టే ప్రశ్న ఒకటుంది. పుండ్లు మానాయి. అతికించిన చర్మం పట్టుకుంది. పెట్టింది తింటున్నారు కూడా. అయినా చేతులూ కాళ్లూ సన్నబడతాయి, నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తుంది, తోటి పిల్లలు ఎదుగుతుంటే వీళ్ల ఎత్తు ఉన్నచోటే ఉండిపోతుంది. ఇంకొందరిలో బరువు పెరుగుతుంది కానీ బలం రాదు. తిండి చాలడం లేదని ఒకరు, ఎక్కువైందని మరొకరు అనుకుంటారు. రెండు సందేహాలకూ మూలం ఒక్కటే. పైకి చర్మానికి తగిలిన గాయంగా కనిపించే ఈ ప్రమాదం లోపల ఒంటి జీవక్రియ మొత్తాన్నీ మార్చేస్తుంది. పుండు మానినంత మాత్రాన ఆ మార్పు ఆగదు.

కాలిన గాయాల వల్ల ఏటా సుమారు 1,80,000 మంది మరణిస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వీటిలో అత్యధికం అల్పాదాయ, మధ్యాదాయ దేశాల్లోనివే. చికిత్స మెరుగుపడి ప్రాణాలు దక్కే పిల్లలు పెరిగే కొద్దీ, బతికిన తర్వాత వాళ్లు ఎలా ఎదుగుతారన్న ప్రశ్నకు ప్రాధాన్యం వచ్చింది. ఆ ప్రశ్నకు దొరికే జవాబులో తిండి వాటా చాలా పెద్దది.

క్లుప్తంగా: పెద్ద కాలిన గాయం తర్వాత ఒళ్లు తన కండనే కరిగించి ఖర్చు చేస్తుంది. ఈ స్థితి రెండు మూడేళ్ల దాకా సాగవచ్చు. కేలరీలు అవసరమే, కానీ హద్దు దాటితే అవి కొవ్వుగా మారతాయే తప్ప కండ కట్టవు. తొలి గంటల్లోనే కడుపు ద్వారా ఆహారం మొదలుపెట్టడం, తగినంత ప్రొటీన్, సూక్ష్మపోషకాల భర్తీ, ఆ తర్వాత వ్యాయామం, ఇవన్నీ కలిస్తేనే పిల్లలు కోలుకుంటారు.

## ఆటు తర్వాత వచ్చే పోటు

పెద్ద గాయం తగిలినప్పుడు శరీరంలో జరిగే మార్పులను బ్రిటిష్ శాస్త్రవేత్త డేవిడ్ కత్‌బర్ట్‌సన్ 1942లో సముద్రపు ఆటుపోట్లతో పోల్చాడు. మొదటి ఒకటి రెండు రోజులు ఆటు. రక్తప్రసరణ తగ్గి, జీవక్రియ మందగిస్తుంది. ఆ తర్వాత పోటు మొదలవుతుంది. అడ్రినలిన్ వర్గపు హార్మోన్లు మామూలుకన్నా ఎన్నో రెట్లు పెరుగుతాయి. కార్టిసాల్, గ్లూకగాన్ వాటికి తోడవుతాయి. గుండె వేగంగా కొట్టుకుంటుంది, ఒంటి వేడి పెరుగుతుంది, మంచం మీద కదలకుండా పడుకున్నా శక్తి ఖర్చవుతూనే ఉంటుంది. ఒంటి ఉపరితలంలో 40 శాతానికి మించి కాలితే, విశ్రాంతిలో ఖర్చయ్యే శక్తి మామూలుకన్నా దాదాపు రెట్టింపయ్యే సందర్భాలున్నాయి. మరే గాయమూ, మరే జబ్బూ జీవక్రియను ఇంతగా పెంచదు.

ఈ శక్తి ఎక్కడికి పోతుంది? కొంత ఆవిరి రూపంలో పోతుంది. ఆరోగ్యకరమైన చర్మం నీటిని లోపలే పట్టి ఉంచుతుంది. అది కాలిపోయిన చోట నీరు నిరంతరం ఆవిరవుతుంటుంది. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కిలోకేలరీల వేడి కావాలి. కొంత శక్తి పనికిమాలిన తిరుగుడులో పోతుంది. కొవ్వు కరుగుతుంది, మళ్లీ కొవ్వుగా కూడుతుంది. గ్లూకోజు విరుగుతుంది, మళ్లీ గ్లూకోజుగా తయారవుతుంది. ఇలా తిరిగిన ప్రతిసారీ శక్తి వేడిగా మారి పోతుంది. మామూలుగా నిల్వకే పరిమితమయ్యే తెల్ల కొవ్వు, కాలిన గాయం తర్వాత వేడిని పుట్టించే గోధుమరంగు కొవ్వు లక్షణాలను తెచ్చుకుంటుందని కూడా ఇటీవలి పరిశోధనలు చూపించాయి.

అసలు నష్టం కండకు జరుగుతుంది. పుండును మాన్పే కణాలకూ, రోగనిరోధక కణాలకూ గ్లూకోజు, అమైనో ఆమ్లాలు అత్యవసరం. వాటి కోసం శరీరం కండలోని ప్రొటీన్‌ను విరిచి కాలేయానికి పంపుతుంది. పొయ్యిలోకి కట్టెలు లేక ఇంటి దూలాలు తీసి మంట పెట్టడం లాంటిది ఇది. కొవ్వు నిల్వలు ఇంకా మిగిలి ఉన్నా ఒళ్లు కండ మీదే పడుతుంది. మామూలు ఆకలికీ, కాలిన గాయానికీ తేడా ఇక్కడే ఉంది. పస్తులున్న మనిషి ఒళ్లు కొద్ది రోజుల్లో పొదుపు నేర్చుకుంటుంది, ఖర్చు తగ్గించుకుని కండను కాపాడుకుంటుంది. కాలిన ఒంటికి ఆ పొదుపు చేతకాదు. ఇన్సులిన్ ఉన్నా దాని మాట కణాలు వినవు కాబట్టి రక్తంలో గ్లూకోజు పెరిగిపోతుంది, కాలేయంలో కొవ్వు పేరుకుంటుంది.

కొవ్వును మినహాయించి చూసిన ఒంటి బరువులో 10 శాతం తగ్గితే రోగనిరోధక శక్తి దెబ్బతింటుంది. 20 శాతం తగ్గితే పుండ్లు మానడం నెమ్మదిస్తుంది. 30 శాతానికి చేరితే పుండ్లు మానడం దాదాపు ఆగిపోయి, న్యుమోనియా వంటివి ముసురుకుంటాయి. 40 శాతం దగ్గర ప్రాణమే నిలవడం కష్టం. పోషణను చికిత్సకు అనుబంధంగా కాక చికిత్సలో భాగంగానే చూడాలనడానికి ఈ మెట్లే ఆధారం.

ఇదంతా ఎంతకాలం? తీవ్రంగా కాలిన 977 మంది పిల్లలపై 2011లో వెలువడిన అధ్యయనం ప్రకారం ఒత్తిడి హార్మోన్లు, జీవక్రియలోని మార్పులు మూడేళ్ల దాకా కనిపిస్తూనే ఉన్నాయి. ఆసుపత్రిలో గడిపేది వారాలు, ఇంటి దగ్గర గడిపేది సంవత్సరాలు. కాబట్టి ఈ పోటులో ఎక్కువ భాగం ఇంట్లోనే గడుస్తుంది.

## పిల్లలు చిన్న సైజు పెద్దలు కారు

పిల్లల విషయంలో లెక్క వేరు. బరువుతో పోలిస్తే వాళ్ల ఒంటి ఉపరితలం ఎక్కువ. అందువల్ల వేడి, నీరు త్వరగా పోతాయి. కండ తక్కువ, కాలేయంలో గ్లైకోజెన్ (గ్లూకోజు నిల్వ రూపం) తక్కువ. పెద్దవాళ్లు తట్టుకునే ఉపవాసం వాళ్లు తట్టుకోలేరు. చంటిపిల్లల్లో కొద్ది గంటలు ఆహారం ఆగినా గ్లూకోజు పడిపోవచ్చు. అన్నిటికీ మించి వాళ్లు ఎదుగుతున్నారు. పెద్దవాళ్లకు పోయినదాన్ని భర్తీ చేస్తే చాలు. పిల్లలకు భర్తీతో పాటు కొత్త ఎముక, కొత్త కండ, కొత్త ఎత్తు కావాలి.

కాలిన భాగాన్ని కొలిచే పద్ధతే పిల్లలకు మారుతుంది. పెద్దవాళ్లలో తల ఉపరితలం సుమారు 9 శాతం. చంటిపిల్లల్లో అది 18 శాతం దాకా ఉంటుంది, కాళ్ల వాటా ఆ మేరకు తగ్గుతుంది. వయసును బట్టి మారే ఈ నిష్పత్తులను లండ్, బ్రౌడర్ 1944లో పట్టికగా ఇచ్చారు. ఇప్పటికీ పిల్లలకు అదే ప్రమాణం. ఇక్కడ కొలత తప్పితే సెలైన్ లెక్కా తప్పుతుంది, తిండి లెక్కా తప్పుతుంది.

## ఎన్ని కేలరీలు అన్న చిక్కు

నిపుణుల అభిప్రాయం గత యాభై ఏళ్లలో బాగా మారింది ఈ విషయంలోనే. 1970లలో ప్రధాన భయం తిండి చాలకపోవడం. 1974లో అమెరికా వైద్యుడు కరేరి బృందం ఇచ్చిన సూత్రం చాలాకాలం రాజ్యమేలింది. దాని పిల్లల రూపంలో, 4 నుంచి 15 ఏళ్ల వారికి, వయసుకు సిఫారసు చేసిన మామూలు అవసరానికి తోడు కాలిన ప్రతి ఒక శాతానికి 40 కిలోకేలరీలు కలపాలి. తర్వాత అమెరికాలోని గాల్వెస్టన్‌లో, పిల్లల కాలిన గాయాల చికిత్సా కేంద్రం నుంచి వచ్చిన సూత్రాలు ఒంటి ఉపరితలం ఆధారంగా లెక్కగట్టాయి. 1 నుంచి 11 ఏళ్ల పిల్లలకు మొత్తం ఉపరితలంలో ప్రతి చదరపు మీటరుకు 1,800, కాలిన ఉపరితలంలో ప్రతి చదరపు మీటరుకు అదనంగా 1,300 కిలోకేలరీలు.

రెండింటి మధ్య దూరం ఒక ఉదాహరణతో తెలుస్తుంది. ఐదేళ్ల బిడ్డ ఒంటి ఉపరితలం 0.75 చదరపు మీటర్లు అనుకుందాం. అందులో 40 శాతం, అంటే 0.3 చదరపు మీటర్లు కాలింది. పాత సూత్రం ప్రకారం గాయం కోసమే రోజుకు 1,600 కిలోకేలరీలు కలపాలి. గాల్వెస్టన్ లెక్కలో గాయం కోసం కలిపేది 390. మూల అవసరం 1,350తో కలిపితే మొత్తం 1,740. ఒకే బిడ్డ, ఒకే గాయం, అదనపు అవసరంలో మాత్రం నాలుగు రెట్ల తేడా.

ఎక్కువ పెట్టడం మంచిదే కదా అనిపించవచ్చు. కానీ తీవ్రంగా కాలిన రోగులపై 2002లో వచ్చిన ఒక పరిశోధన, విశ్రాంతిలో ఖర్చయ్యే శక్తికి సుమారు 1.2 రెట్లు దాటాక అదనంగా ఇచ్చిన కేలరీలు కండను పెంచకుండా కొవ్వును మాత్రమే పెంచాయని తేల్చింది. అతిగా పెడితే కాలేయం కొవ్వుతో ఉబ్బుతుంది, రక్తంలో గ్లూకోజు అదుపు తప్పుతుంది. బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా తయారై, శ్వాసయంత్రం మీద ఉన్న బిడ్డను దాని నుంచి తప్పించడం ఆలస్యమవుతుంది. ఇంటికి వచ్చాక బరువు పెరిగినా బలం రాని పిల్లల విషయంలో జరిగేది చాలావరకు ఇదే.

అందుకే ఇప్పుడు సూత్రాన్ని ఆరంభ బిందువుగానే చూస్తారు. పీల్చే ఆమ్లజని, వదిలే బొగ్గుపులుసు వాయువులను కొలిచి నిజమైన ఖర్చును లెక్కగట్టే యంత్రం ఉన్నచోట దాన్నే ప్రామాణికంగా తీసుకుంటారు. అది లేనిచోట పిల్లలకు, వయసు, బరువు వంటి వాటి నుంచి శక్తి ఖర్చును అంచనా వేసే షోఫీల్డ్ సమీకరణాలు వాడాలని ఐరోపా క్లినికల్ న్యూట్రిషన్ సంఘం 2013లో సూచించింది. ఏ పద్ధతి వాడినా వారం వారం సరిచూసుకోక తప్పదు. పుండు మూసుకుపోయే కొద్దీ, జ్వరం వచ్చినప్పుడు, శస్త్రచికిత్స తర్వాత అవసరం మారుతూనే ఉంటుంది.

## ప్రొటీన్‌ది మరో లెక్క

కేలరీలకు పైహద్దు ఉందంటే ప్రొటీన్‌ను కూడా అలాగే కుదించాలని అర్థం కాదు. ఆరోగ్యంగా ఉన్న బడి వయసు పిల్లలకు రోజుకు కిలో బరువుకు సుమారు 1 గ్రాము ప్రొటీన్ చాలు. తీవ్రంగా కాలిన పిల్లలకు 1.5 నుంచి 3 గ్రాములు కావాలి. అంటే 18 కిలోల బిడ్డకు 27 నుంచి 54 గ్రాములు. అలెగ్జాండర్ బృందం 1980లో ప్రచురించిన చిన్న అధ్యయనం ఈ ఆలోచనకు ఊపునిచ్చింది. 18 మంది పిల్లల్లో, ఎక్కువ ప్రొటీన్ అందినవారిలో రోగనిరోధక శక్తి మెరుగ్గా ఉంది, బతికినవారి నిష్పత్తీ ఎక్కువగా ఉంది. అధ్యయనం చిన్నదే అయినా, అది చూపిన దారిని తర్వాతి అనుభవం చాలావరకు బలపరిచింది.

మిగిలిన శక్తి పిండిపదార్థాల నుంచి రావాలా, కొవ్వు నుంచి రావాలా అన్నది కూడా పరీక్షకు వచ్చింది. కొన్నేళ్ల పాటు గొట్టం ద్వారా కొవ్వు ఎక్కువగా ఉండే, వెన్న తీయని పాలు ఇచ్చే పద్ధతి ఉండేది. 2001లో 14 మంది పిల్లలపై జరిగిన పోలికలో, పిండిపదార్థాలు ఎక్కువగా ఉన్న ఆహారం తీసుకున్నప్పుడు కండ విరగడం తగ్గింది. పిండిపదార్థాలు ఇన్సులిన్‌ను పెంచుతాయి, ఇన్సులిన్ కండను కాపాడుతుంది. అదే సమయంలో గ్లూకోజు అదుపు తప్పకుండా చూడాలి. కొవ్వు మొత్తం శక్తిలో 35 శాతం దాటకూడదని సిఫారసు.

గ్లుటమిన్ అనే అమైనో ఆమ్లం కథ ఇంకా ఆసక్తికరం. కాలిన గాయం తర్వాత రక్తంలో అది బాగా తగ్గుతుంది. తగ్గినదాన్ని నింపితే మేలు జరుగుతుందని చాలాకాలం నమ్మారు. కానీ 14 దేశాల్లో సుమారు 1,200 మంది వయోజన రోగులపై జరిగి 2022లో వెలువడిన పరీక్ష అందులో ప్రయోజనం కనిపించలేదని తేల్చింది. ఒక పదార్థం తగ్గిందని తెలిసినంత మాత్రాన దాన్ని పోస్తే రోగి బాగుపడతాడని అనుకోలేమన్నది ఈ రంగం పదేపదే నేర్చుకుంటున్న విషయం.

## తొలి గంటల్లోనే కడుపులోకి

కాలిన రోగుల చిన్నపేగు మొదటి భాగంలో పుండ్లు పడి రక్తస్రావం కావడాన్ని లండన్ వైద్యుడు థామస్ కర్లింగ్ 1842లో వివరించాడు. ఒకప్పుడు అవి ప్రాణాంతకం. ఆమ్లాన్ని తగ్గించే మందులు, తొందరగా ఆహారం మొదలుపెట్టడం వల్ల ఇప్పుడు అవి అరుదయ్యాయి. ఆహారం లోపలికి వెళుతుంటే పేగుకు రక్తప్రసరణ నిలబడుతుంది, పేగు లోపలి పొర పలచబడదు. అందుకే గాయమైన 12 గంటల్లోపే ముక్కు ద్వారా వేసిన సన్నని గొట్టంతో ద్రవాహారం కొద్దికొద్దిగా మొదలుపెట్టాలని సిఫారసు. దీనికి ప్రత్యామ్నాయంగా అంతా రక్తనాళం ద్వారానే ఎక్కిస్తే ఇన్‌ఫెక్షన్లు, కాలేయ సమస్యలు పెరుగుతాయి. కడుపు ద్వారా ఇవ్వడం అసలు కుదరని సందర్భాలకే ఆ దారి.

పెద్ద గాయం ఉన్న పిల్లలకు ఆకలి ఉండదు. నొప్పి, జ్వరం, మత్తుమందులు, భయం, ఇవన్నీ ఉండగా నోటి ద్వారా అంత తిండి తినడం వారికి సాధ్యం కాదు. గొట్టం వేయడాన్ని బిడ్డ పరిస్థితి విషమించిందనడానికి సంకేతంగా చూడనక్కర్లేదు. మందు సీసా లాంటిదే అది.

ఆసుపత్రిలో ఎక్కువ నష్టం చేసేది కంటికి కనిపించని విరామాలు. ప్రతి శస్త్రచికిత్సకు ముందు, కట్లు మార్చడానికి మత్తు ఇచ్చేముందు ఆహారం ఆపుతారు. పై ఉదాహరణలోని బిడ్డకు ఒక్కసారి 8 గంటలు ఆపితే 580 కిలోకేలరీలు పోయినట్టే. వారంలో మూడుసార్లు ఇలా జరిగితే ఒక రోజు తిండి మొత్తం గల్లంతు. గొట్టం కొసను కడుపు దాటించి చిన్నపేగులో ఉంచడం, ఆగిన గంటల ఆహారాన్ని మిగతా గంటల్లో సర్దడం వంటి ఏర్పాట్లు ఇందుకే. ముందే పోషకాహార లోపం ఉన్న పిల్లలకు మాత్రం మెల్లగా పెంచాలి. లేకపోతే రక్తంలో ఫాస్ఫేటు, పొటాషియం ఒక్కసారిగా పడిపోయి గుండెకే ముప్పు.

## చర్మంతో పాటు పోయేవి

పుండు నుంచి కారే ద్రవంలో ప్రొటీన్‌తో పాటు జింకు, రాగి, సెలీనియం కూడా పోతాయి. జింకు, రాగి లేకుండా కొత్త కణజాలం గట్టిపడదు. విటమిన్ సి లేకుండా, చర్మానికి పట్టునిచ్చే ప్రొటీన్ అయిన కొల్లాజెన్ అల్లిక కుదరదు. అయితే జింకును అతిగా ఇస్తే అది రాగిని లోపలికి పోనివ్వదు. ఈ కారణంగానే సొంత నిర్ణయంతో మాత్రలు కొనివ్వడం మంచిది కాదు.

ఎముకల సంగతి మరీ నిశ్శబ్దంగా జరిగే నష్టం. విటమిన్ డి తయారయ్యేది చర్మంలో. కాలి మానిన మచ్చల చర్మంలో ఆ తయారీ సరిగా జరగదు. పైగా ఎండ తగిలితే మచ్చలు నల్లబడతాయి కాబట్టి వాటిని కప్పి ఉంచమంటారు. కార్టిసాల్ ఎముకను కట్టే కణాలను అణచివేస్తుంది. మంచం పట్టడం వల్ల ఎముకపై బరువు పడదు. ఇవన్నీ కలిసి ఎముక సాంద్రత తగ్గి, ఇంటికి వెళ్లాక చిన్న దెబ్బకే ఎముక విరిగే ప్రమాదం పెరుగుతుంది. గాయమైన ఏడాది తర్వాత కూడా విటమిన్ డి స్థాయిని పరీక్షించడానికి కారణం ఇదే.

## తిండి ఒక్కటే చాలనప్పుడు

జీవక్రియ పోటును తగ్గించే మార్గాలు పళ్లెం బయట కూడా ఉన్నాయి. గదిని 28 నుంచి 32 డిగ్రీల మధ్య వెచ్చగా ఉంచితే ఒళ్లు వేడి కోసం చేసే ఖర్చు తగ్గుతుంది. కాలిన కణజాలాన్ని తొలి రోజుల్లోనే తొలగించి చర్మం అతికించే పద్ధతిని యుగోస్లావియాలో పనిచేసిన జోరా యాన్‌జెకోవిచ్ 1970లో ప్రపంచానికి తెలియజేసింది. పుండు ఎంత త్వరగా మూసుకుంటే కండ అంతగా మిగులుతుంది.

మందుల్లో ప్రొప్రనలాల్‌ది ముఖ్య స్థానం. అడ్రినలిన్ ప్రభావాన్ని అడ్డుకునే ఈ మందు తీసుకున్న పిల్లల్లో గుండె వేగం, శక్తి ఖర్చు తగ్గాయని, కండ ప్రొటీన్ నిలిచిందని 25 మంది పిల్లలపై జరిగిన అధ్యయనం 2001లో చూపించింది. కండను పెంచడానికి చాలాకాలం వాడిన ఆక్సాండ్రొలోన్‌కు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2023లో అనుమతి ఉపసంహరించింది. ఇవన్నీ వైద్యుల పర్యవేక్షణలో మాత్రమే వాడే మందులు.

వ్యాయామం పాత్రను మాత్రం తక్కువగా అంచనా వేస్తుంటారు. కదలని కండకు ఎంత ప్రొటీన్ అందించినా అది పెరగదు. పిల్లలకు 12 వారాల పాటు బరువులతో కూడిన క్రమబద్ధమైన వ్యాయామం చేయించినప్పుడు కండా, బలమూ పెరిగాయని అధ్యయనాలు చెబుతున్నాయి. మంచి తిండి, కావలసినంత విశ్రాంతి అన్న ఇంటి ఆలోచనలో రెండో సగం ఇక్కడ పనిచేయదు.

## ఇంటికి వచ్చాక

ఆసుపత్రిలో గొట్టం, డైటీషియన్, రోజువారీ లెక్క ఉంటాయి. ఇంట్లో అవేవీ ఉండవు, కానీ అవసరం అలాగే ఉంటుంది. నోటి చుట్టూ మచ్చలు బిగుసుకుంటే నోరు పూర్తిగా తెరుచుకోదు. వేళ్లు వంగిపోతే చెంచా పట్టుకోవడం కష్టం. వారాల తరబడి గొట్టంతో తిన్న చిన్నపిల్లలు నోట్లో ఏది పెట్టినా భయపడతారు. నొప్పి మందుల వల్ల మలబద్ధకం వస్తుంది, కడుపు ఉబ్బరంగా ఉంటే ఆకలి వేయదు. రాత్రంతా దురదతో నిద్ర లేని బిడ్డ పొద్దున తినదు. పెంకితనంగా కనిపించే నిరాకరణ వెనుక చాలాసార్లు ఇలాంటి కారణమొకటి ఉంటుంది. దాన్ని సరిచేస్తే బతిమాలే పని సగం తగ్గుతుంది.

బలం కోసమని తీపి పానీయాలు, పళ్లరసాలు పట్టించడం చాలా ఇళ్లలో జరిగే పని. వాటితో కడుపు నిండుతుంది, ప్రొటీన్ మాత్రం అందదు. మూడు పెద్ద భోజనాలకు బదులు ఐదారు చిన్నవి, ప్రతిదానిలోనూ పాలు, గుడ్లు, పప్పులు, చేప, మాంసం వంటి వాటిలో ఏదో ఒకటి ఉండేలా చూడటం ఇంతకన్నా మేలు. ఆకలి ఎక్కువగా ఉన్న పూట ఆ భాగాన్నే ముందు పెట్టవచ్చు.

ఎదుగుదలను గమనించడంలో త్రాసు ఒక్కదాన్నే నమ్మితే మోసపోతాం. ఆసుపత్రిలో వాపు, కట్ల బరువు కలిసి తూకాన్ని పెంచి చూపిస్తాయి. ఇంటి దగ్గర కొవ్వు అదే పని చేస్తుంది. 40 శాతానికి మించి కాలిన పిల్లల్లో ఎత్తు పెరిగే వేగం మొదటి రెండేళ్లూ తగ్గి, మూడో ఏటికి గాడిలో పడుతుందని 1990 నాటి పరిశీలన చెప్పింది. అందువల్ల బరువుతో పాటు ఎత్తు, మోచేతి పైభాగం చుట్టుకొలత, చేతి పట్టు బలం కొలిచి రాసుకుంటారు. కొన్ని నెలల పాటు ఎత్తు గీత కదలకపోతే తిండి పరిమాణం పెంచే ముందు చూడవలసినవి వేరే ఉన్నాయి: ఎక్కడైనా పుండు మిగిలి ఉందా, ఇన్‌ఫెక్షన్ దాగి ఉందా, విటమిన్ డి, రక్తహీనత సంగతి ఏమిటి, బిడ్డ రాత్రి నిద్రపోతోందా, పగలు ఆడుతోందా.